కుజుడి మీద రాజు లేడు

ఆ రోజుల్లో మా పంపులో నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఆ పంపుకే తెలియదు. రాయపూర్ స్టేషనుకు అవతల రైల్వే క్వార్టర్ల వరసకంతటికీ ఒకటే పంపు. అయిదింటికని పేరు. అయిదున్నరకు రావచ్చు, ఏడింటికి రావచ్చు, మర్నాటికి వాయిదా పడవచ్చు. బిందెలు మాత్రం నాలుగింటికే వరసలో కూర్చునేవి, వాటి వెనకాల వాటి యజమానురాళ్ళు. ఆ ఎదురుచూపులో ఏం తోచక, మా వరసలోని తెలుగువాళ్ళు (విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి రైలుపట్టాల వెంబడే వచ్చి ఇక్కడ ఆగిపోయిన కుటుంబాలు) ఎవరు ఏం చెప్పినా వినేవారు. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే కథలు. అప్పుడు రెండింటికీ కాసుకుని కూర్చోవాలి. అలాంటి పంపు దగ్గర నేను ఒక వేసవంతా మహాకథకుడిగా వెలిగిపోయాను. ఆ దీపం ఒక ఆదివారం పొద్దున్న సినిమా హాల్లో ఎలా ఆరిపోయిందో చెప్పుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ సిగ్గూ కలిసే వస్తాయి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు తప్పి, గూడ్సుబండి డ్రైవరైన మా నాన్న ఎవరెవరినో బతిమాలుకోగా స్టేషను సరుకుల కొట్టయిన మాల్‌గోదాంలో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. దగ్గర్లోని తిల్దా ఊరి మిల్లుల నుంచి వచ్చే బియ్యం బస్తాలకు చీటీలు రాయడం నా ఉద్యోగం. ఇంగ్లీషు తప్పినవాడు తలెత్తుకు తిరగాలంటే చంకలో ఇంగ్లీషు పుస్తకం ఉండాలని నాకు నేనే తీర్మానించుకుని, రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో అన్నిటికన్నా ఎర్రటి అట్ట ఉన్న నవల తెచ్చుకున్నాను. దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన పుస్తకాల్లో అదొకటి. నలుగురు మనుషులు ఒక యంత్రంలో కూర్చుని ఇంకో గ్రహానికి వెళ్ళే కథ. (పేరు చెప్పను. ఆ రచయితకు నేను చేసిన అన్యాయం ఇప్పటికే చాలు.) ఆ కాలంలో కొన్ని పుస్తకాలు పేజీల అంచులు అతుక్కునే వచ్చేవి, చదివేవాడు కత్తితో కోసుకుంటూ ముందుకు పోవాలి. నాకన్నా ముందు దాన్ని చదివిన దొరెవరో నలభై ఎనిమిదో పేజీ దాకా కోసి, అక్కడ ప్రాణం విసిగి వదిలేశాడు. నేనూ డిక్షనరీ పక్కన పెట్టుకుని పన్నెండు రోజులు చెమటోడ్చి నలభై ఎనిమిదో పేజీకి చేరాను. అప్పటికి ఆ నలుగురూ ఇంకా భూమి మీదే ఉన్నారు. ఒక గదిలో కూర్చుని, ప్రయాణానికి ఎన్ని బిస్కెట్లు కావాలా అని వాదించుకుంటున్నారు. నాకూ ఆ దొరకూ అభిప్రాయభేదం ఏమీ కనిపించలేదు. నేనూ కత్తి తీయలేదు.

కాని అప్పటికే మా నాన్న ఇంజను పొగతో సమానంగా ఊరంతా ఒక వార్త వదిలేశాడు: "మావోడు ఇంగ్లీసు నవల నమిలీస్తన్నాడు. పరీక్షలో తప్పించినోడికి బుద్ధి లేదు గాని, వీడికేటి తక్కువ?" ఆ వార్త పంపు దగ్గరికి చేరింది. అక్కడ గార్డత్త ఉంది. మా పక్క క్వార్టరు గార్డుగారి భార్య ఆవిడ. వరసకు మాకేమీ కాదు. రైల్వే కాలనీలో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు కాబట్టి నాకు అత్త అయింది. మంచి మనిషి, పెద్ద గొంతు. గార్డుగారు జెండా ఊపకపోయినా ఆవిడ కేక విని బండి కదిలేదని కాలనీలో చెప్పుకునేవారు. "ఏరా అల్లుడూ, ఎర్రబొక్కు చంకనెట్టుకు తిరుగుతున్నావు, అందులో ఏటున్నాదో మాకూ చెప్పరాదేటి? నీళ్ళొచ్చేదాకా పొద్దుపోతాది" అంది ఒక సాయంత్రం.

మొదటి రోజు నిజాయితీగా బిస్కెట్ల సంగతే చెప్పాను. సగం మంది లేచి బిందెలు తోముకున్నారు. రెండో రోజూ అదే మర్యాద జరిగింది. మూడో రోజు, ఇక లాభం లేదని, యంత్రాన్ని ఆకాశంలోకి లేపేశాను. బిందెలు తోమడం ఆగిపోయింది. అంతే, అక్కడి నుంచి నాకు పట్టపగ్గాలు లేవు. నీళ్ళు తొందరగా వచ్చిన రోజున యంత్రం ఆకాశం మధ్యలో ఆగేది. నీళ్ళు రాని రోజున దానికి తోకచుక్కలు అడ్డం వచ్చేవి, పిడుగులు అడ్డం వచ్చేవి, ఒకసారి ఏడు మైళ్ళ పొడుగున్న పాము కూడా అడ్డం వచ్చింది. ఆ పాము రోజున మున్సిపాలిటీవాళ్ళు అసలు నీళ్ళే వదల్లేదు, అయినా ఎవరూ తిట్టుకోలేదు.

అలా వెళ్తూ వెళ్తూ ఉంటే ఒకరోజు గార్డత్త అడిగింది: "ఇంతకీ ఈళ్ళు ఎల్లేది ఎక్కడికిరా?" మార్స్ అన్నాను. అంటే ఏమిటంది. అంగారకుడన్నాను. ఇంకా అర్థం కానట్టు చూస్తే, "కుజుడత్తా" అన్నాను. ఆవిడ చేతిలోని బిందె కింద పెట్టేసింది. "కుజుడా? అక్కడెవులుంటారు?" నాకేం తెలుసు? నలభై ఎనిమిదో పేజీలో కుజుడి పేరే తప్ప మనిషి లేడు. కాని పాతిక మంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తుంటే తెలియదని ఎలా చెప్పడం? "రాజు ఉంటాడు" అన్నాను. ఎలా ఉంటాడంది. ఎర్రగా ఉంటాడు, మీసాలు మండుతుంటాయి, చేతిలో గద ఉంటుంది అన్నాను. ఏం చేస్తాడంది. ఆవిడ అంత శ్రద్ధగా వినడం ఎప్పుడూ చూడలేదు నేను. ఆ మురిపెంలో, కొత్తగా పెళ్ళయిన జంట కనిపిస్తే చాలు, విడదీసి పెళ్ళాన్ని కొండ మీద నుంచి తోయించేస్తాడని చెప్పేశాను. నీళ్ళు వచ్చాయి. గార్డత్త బిందె పట్టుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. నా కథాశక్తికి నేనే మురిసిపోయి ఆ బిందె నేనే నింపి, మోసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చాను.

మర్నాడు గార్డత్త పెద్దకొడుకు మాల్‌గోదాంకి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. స్టేషన్లో తంతి గుమాస్తా. ఇక్కడి హిందీలో తంతిని తార్ అంటారు కాబట్టి వాణ్ణి నేను తారుబావ అనేవాణ్ణి. చెయ్యి ఖాళీగా ఉంటే బల్ల మీదో గోడ మీదో టిక్కుటిక్కుమని కొడుతూనే ఉండేవాడు. "నీ రాజు నా కొంప ముంచీసాడురా!" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. తిల్దాలో బియ్యం మిల్లు గుమాస్తాగారి అమ్మాయి ఉంది. మనవాళ్ళే. వీడికి ఆ పిల్లంటే ఇష్టం, ఆ పిల్లకు వీడంటే ఇష్టం, అంతకన్నా గార్డత్తకు ఆ పిల్లంటే ఇష్టం. పేరంటంలో చూసిన రోజే చీర కొని పెట్టెలో దాచింది. కాని వీడి జాతకంలో కుజదోషం ఉందట, ఆ పిల్లకు లేదట. దోషం ఉన్నవాణ్ణి లేని పిల్ల చేసుకుంటే ఆ పిల్లకు ప్రాణగండమని ఎవరో చెప్పారు. "పరాయి పిల్లని తెచ్చి కుజుడికి అప్పజెప్పమంటావా?" అని ఏడాదిగా ఆవిడ నలుగుతోంది. ఈ మధ్యనే కొంచెం మెత్తబడిందట. ఇంతలో పంపు దగ్గర నా రాజు గద పట్టుకుని దిగాడు.

"కథే కదరా బావా, అలాగే చెప్పు మీ అమ్మకి" అన్నాను. "చెప్పలేదనుకున్నావా? 'దొరలు ఊరికే అచ్చేసుకుంటారేటి, ఎల్లి చూసొచ్చే రాసుంటారు' అంటాది. నువ్వే చెప్పాల, ఆ రాజు బొక్కులో లేడని." అదొక్కటే నా వల్ల కాదు. రాజు లేడంటే పాము లేదు, పాము లేదంటే తోకచుక్కలు లేవు, చివరికి మిగిలేది నలభై ఎనిమిది పేజీలూ, కొన్ని బిస్కెట్లూ, ఇంగ్లీషు తప్పిన కొడుకూ. అది మా నాన్న చెవిన పడితే? ఇంజను మీదెక్కి మరీ చాటిన మనిషి! అందుకని నా పద్ధతిలో నేను దిద్దుబాటు మొదలెట్టాను. ఆ సాయంత్రమే రాజును చంపేశాను. యంత్రం నడిపే కెప్టెను ఒక్క దెబ్బకు కూల్చేశాడని, గ్రహమంతా పండగ చేసుకుందని ఎంతో ఉత్సాహంగా చెప్పాను. గార్డత్త ఒక్క క్షణం ఆలోచించి, "రాజు పోతే మాత్రం? ఆడికి కొడుకులుండరేటి?" అంది. అక్కడున్న అందరూ ఉంటారన్నారు. నాకే తెలియకుండా నా రాజుకు వారసులు పుట్టారు.

ఇదిలా ఉండగా ఒకరోజు టాంగా మీద డప్పు కొట్టుకుంటూ సినిమావాళ్ళు రంగుకాగితాలు విసురుకుంటూ పోయారు. ఒక కాగితం ఎగిరివచ్చి సరిగ్గా మా పంపు దగ్గర పడింది. తీసి చదివాను. అదే నవల! ఇంగ్లీషు పిక్చర్ తీశారట, ఆదివారం పొద్దున్న ఒకే ఒక్క ఆట. "అయితే ఎల్దాం. మా పెద్దోడి పెళ్ళి ఆపీసిన ఆ గ్రహం మొహం ఓసారి చూసి తీరాల" అంది గార్డత్త. ఆవిడ అంతవరకూ చూసినవన్నీ భక్తి సినిమాలు. సినిమాలో కనిపించినదంతా ఎక్కడో ఉన్నదనే ఆవిడ నమ్మకం. మా నాన్న డ్యూటీ మార్పించుకున్నాడు. తారుబావ పంపు గొట్టం మీద వేళ్ళతో కొడుతూ నన్ను చూశాడంతే. నేను మాత్రం జ్వరం రావాలని ముగ్గురు దేవుళ్ళకు మొక్కుకున్నాను. ముగ్గురూ వినలేదు.

హాల్లో మేము పద్నాలుగు మందిమి, మిగతా ఊరివాళ్ళు ఇరవై మంది ఉంటారు. ఆడవాళ్ళ వైపు వేరే ఉన్నా, గేటువాడు ఖాళీ బెంచీలను చూసి, "జహాఁ బైఠ్‌నా హై, బైఠో" అని, ఇష్టమొచ్చిన చోట కూర్చోమనేశాడు. నన్ను అందరికీ మధ్యలో కూర్చోబెట్టారు, ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పాలి కదా. కుడిపక్క గార్డత్త, ఆవిడ ఒళ్ళో జంతికల డబ్బా. ఎడంపక్క నాన్న. వెనకాల తారుబావ. దీపాలు ఆరాయి. తెర మీద ఒక గది కనిపించింది. గదిలో నలుగురు మనుషులు. ఏదో మాట్లాడుకున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుని మాట్లాడాడు. "ఏటంటున్నారు?" అంది గార్డత్త. వాళ్ళ యాసలో నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "బిస్కెట్ల సంగతత్తా" అన్నాను. ఆ రోజు నేను చేసిన సరైన అనువాదం బహుశా అదొక్కటే.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని, ఆ హాల్లో నవల చదివినవాణ్ణని పేరున్నది నా ఒక్కడికే, తరవాత ఏం జరుగుతుందోనని అందరికన్నా ఆత్రంగా చూసిందీ నేనే. ఏమీ జరగలేదు. గంట గడిచాక యంత్రం లేచింది. హమ్మయ్య అనుకున్నాం. యంత్రం లోపల మళ్ళీ ఒక గది, అందులో అదే నలుగురు, మళ్ళీ మాటలు. మా నాన్నకు ఓపిక తక్కువ. ఇరవై ఏళ్ళు బండి నడిపిన మనిషి. "డ్రైవరేడిరా?" అన్నాడు. అందరూ డ్రైవర్లే నాన్నా అన్నాను. "అందుకే ఇలగేడిసింది" అన్నాడు. "గార్డు లేకండా బండెలా వదిలీసారు?" అంది గార్డత్త, కులవృత్తికి జరిగిన అవమానంలా. ఇంకో అరగంట గడిచింది. గది కదల్లేదు, మనుషులు కదల్లేదు. నాన్న ముందుకు వంగి, "లూపులైన్లో ఎట్టీసారు. ఎదురుబండి ఏదో రావాల. అది దాటితే వదుల్తారు" అని మా అందరికీ ధైర్యం చెప్పాడు. మేమందరం ఎదురుబండి కోసం ఎదురుచూశాం. అదీ రాలేదు. పిడుగు లేదు, తోకచుక్క లేదు. పాము వస్తుందేమోనని రెండు బెంచీలు ఆశగా ఉన్నాయి. అప్పుడప్పుడూ ఒకడు గడియారం చూసుకునేవాడు, హాల్లో ఉన్న మేమూ చూసుకునేవాళ్ళం. మా వెనక బెంచీలో ఊరి పెద్దమనిషి ఒకాయన పెద్దగా ఆవలించి, "ఏ మన్ కబ్ ఉతర్‌హీ గా?" అన్నాడు. వీళ్ళు ఎప్పుడు దిగుతారయ్యా అని. ఆయనకు తెలుగు రాదు, మాకు ఛత్తీస్‌గఢీ అంతంతమాత్రం, అయినా ఆ ఒక్క మాటకు హాలంతా ఒకే కుటుంబమైపోయింది. జంతికలు అయిపోయాయి.

చివరికి, ఇంకో పది నిమిషాల్లో ఆట వదులుతారనగా, యంత్రం దిగింది. తలుపు తెరుచుకుంది. గార్డత్త కొంగు బిగించి లేచి నిలబడింది. తెర మీద కుజుడు కనిపించాడు. రాళ్ళు. ఒక పెద్ద రాయి, దాని పక్కన చిన్న రాళ్ళు, దూరంగా ఇంకొన్ని రాళ్ళు. "ఎర్రగుంటాడన్నావు?" అంది. ఫొటోలో ఎరుపు రాదత్తా అన్నాను. నలుగురిలో ఒకడు వంగి ఒక రాయి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అది సంచిలో వేసుకుని ఇంకో రాయి తీసుకున్నాడు. గార్డత్త నా వైపు తిరిగింది. "రాజేడిరా?"

బెంచీలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. చెప్పడానికి నా దగ్గర మాట సిద్ధంగానే ఉంది: గుహలో ఉన్నాడత్తా, పొద్దున్న కదా, నిద్రలేవలేదు. ఆ మాట అంటే సరిపోయేది, ఎందుకంటే ఆట అయిపోవస్తోంది, అతను బయటికి రాకపోయినా ఎవరూ నన్ను అడగలేరు. నా పరువు గుహలోనే పదిలంగా ఉండేది. వెనకాల తారుబావ వేళ్ళు బెంచీ చెక్క మీద టిక్కుటిక్కుమంటూ ఉన్నవి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగిపోవడమే నేను తట్టుకోలేకపోయాను. ఏడాదిగా పెట్టెలో ఉన్న చీర గుర్తొచ్చింది. నాన్న వైపు చూడకుండా, "లేడత్తా" అన్నాను. "లేడంటే? ఊరెళ్ళాడా?" "అసలు లేడు. పుస్తకంలో కూడా లేడు. నేను చదివింది నలభై ఎనిమిది పేజీలే. అందులో వాళ్ళింకా బయలుదేరనే లేదు. రాజు, గద, కొండ మీద నుంచి తోయడం, అన్నీ నేనే కల్పించాను. అక్కడ ఎవరూ లేరు. రాళ్ళే." చెవులు కాలిపోతుండగా అంతా గబగబా అనేశాను. తెర మీద అతను మూడో రాయి తీసుకున్నాడు.

గార్డత్త మళ్ళీ తెర వైపు తిరిగింది. అలాగే నిలబడి ఆ రాళ్ళను ఆఖరి దాకా చూసింది. దీపాలు వెలిగాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఈ రాళ్ళకా నేను భయపడింది? ఈ రాళ్ళకి భయపడి ఏడాది పాటు అంత మంచి పిల్లని ఏడిపించీసాను" అంది. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. గుమ్మం దాటేసరికి మళ్ళీ మామూలు గొంతు వచ్చేసింది. "ఒరే పెద్దోడా, పై ఆదివారం తిల్దా ఎల్తున్నాం. మీ నాన్నని డ్యూటీ మార్పించుకోమను!" అని రోడ్డంతా వినపడేలా అరిచింది. బిల్‌కుల్ బేకార్ పిక్చర్, పైసలు దండగ అని మిగతా హాలంతా తిట్టుకుంటూ బయటికి వస్తుంటే, తారుబావ ఒక్కడే గేటువాణ్ణి కౌగిలించుకున్నాడు. అతను చాలా కంగారుపడ్డాడు. ఆ పిక్చర్‌ను మెచ్చుకున్న మనిషిని అతను అంతవరకూ చూసి ఉండడు.

నాన్నా నేనూ అందరికన్నా వెనక నడిచాం. ఓవర్‌బ్రిడ్జి వరకూ ఆయన నా వైపు తిరగకుండానే నడిచాడు. అంతకన్నా నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది. బ్రిడ్జి ఎక్కాక, "నలభై ఎనిమిది పేజీలేనేటి?" అన్నాడు. అవునన్నాను. ఇంకొన్ని మెట్లు ఎక్కాక, "ఆ పాము కూడా నీదేనా?" అన్నాడు. నాదే నాన్నా అన్నాను. కింద ఏదో గూడ్సు వెళ్తుంటే అలవాటుగా ఆగి, ఆఖరి పెట్టె దాటేదాకా చూశాడు. "పాము బాగున్నాది" అన్నాడు. అప్పటికి అంతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది, పొగ కళ్ళలో పడిందని చెప్పాను. మర్నాటి నుంచి ఆయన ఊళ్ళో ఇంగ్లీషు సంగతి ఎత్తలేదు. మావోడు పంపు కాడ కథ చెప్తే నీళ్ళొచ్చినా ఎవులూ లేవరని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

తిల్దాలో పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. నన్ను అందరూ కుజరాజా అని పిలిచారు, పెళ్ళికూతురుతో సహా. ఆ అమ్మాయి ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, నలుగురు పిల్లల్ని పెంచింది, తారుబావను ఇంట్లో బల్లల మీద కొట్టనివ్వదు.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళకు ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీని వేరే గదిలోకి మారుస్తుంటే, పాత పుస్తకాల గుట్టలో ఎర్ర అట్ట కనిపించింది. (అప్పటికి నేను ఇంటరు ఇంగ్లీషు మూడో దండయాత్రలో గెలిచి, హెడ్‌క్లర్కునై, కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను.) తీసి చూస్తే నలభై ఎనిమిదో పేజీ తరవాతి పేజీలు అలాగే అతుక్కుని ఉన్నాయి. మధ్యలో ఎవరూ సాహసించలేదన్నమాట. ఇంటికి తెచ్చుకుని, కూరలకత్తితో ఒక్కొక్కటే కోసుకుంటూ, వారం రోజులు చదివాను. నవల సినిమా అంత నెమ్మదిగానే ఉంది. కాని నూటతొంభయ్యో పేజీ తరవాత, సినిమావాళ్ళు ఖర్చుకు జడిసో మరెందుకో వదిలేసిన ఒక అధ్యాయం వచ్చింది. అందులో గుహ ఉంది. గుహలో రాజు ఉన్నాడు. ఎర్రగా ఉన్నాడు. చెప్తే నమ్మరు, నా రాజు కన్నా పరమ దుర్మార్గుడు. ఆ ఇరవయ్యేళ్ళ వెధవ ఇంకొంచెం శ్రద్ధగా చదివే రకమై ఉంటే ఆ పెళ్ళి జరిగేది కాదు కదా అనుకుని పుస్తకం టక్కున మూసేశాను. నా జన్మలో పదిమంది ముందు గుండె చిక్కబట్టుకుని చెప్పిన నిజం ఒకే ఒక్కటి. అదీ అబద్ధమని తేలింది.

ఆ సాయంత్రమే తారుబావ ఇంటికి వెళ్తే గార్డత్త వసారాలో మనవరాలి చేత జడ వేయించుకుంటోంది. జుట్టు పిడికెడు కూడా లేదు, గొంతు మాత్రం అలాగే ఉంది. నా చంకలో పుస్తకం చూడగానే గుర్తుపట్టేసింది. "ఏరా అల్లుడూ, అదే ఎర్రబొక్కు కాదేటి? ఇప్పటికైనా పూర్తిగా చదివినావా?" చదివానత్తా అన్నాను. ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది. "రాజున్నాడా?"

లోపల వంటింట్లో ఆ తిల్దా అమ్మాయి గిన్నెలు సర్దుతూ ఏదో అంటోంది, తారుబావ ఏదో జవాబు చెప్తున్నాడు. పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా చంకలో అదుముకుని, "లేడత్తా. రాళ్ళే" అన్నాను.

"నాకు తెలుసులే. ఉంటే ఆ పిక్చరోళ్ళు ఫొటో తియ్యకండా వదుల్తారేటి?" అంది గార్డత్త, మనవరాలి వైపు తల తిప్పి జడ సరిగ్గా వెయ్యమని కసురుతూ.